తోడు వేసిన ఆకుపచ్చ

ఆ ఉదయం ప్రెస్సుకు వచ్చిన ఇద్దరిలో పాళ్ళక్క ముందుగా అనుమానించింది అరిచే మనిషిని కాదు, నోరు విప్పని మనిషిని.

అరిచేవాడు సబ్బుల కంపెనీ ఆఫీసరు. గేటు దగ్గర మాట్లాడితే వెనక బైండింగు గదిలో వాళ్ళకు వినపడే గొంతు. అలాంటివాళ్ళతో ఇబ్బంది లేదు, కడుపులో ఏముందో వాళ్ళే పదిమందికీ చెప్పేస్తారు. వెనకాల వచ్చిన ఆవిడ అలా లేదు. నలభై అయిదు ఉంటాయేమో. భుజాన నల్ల సంచి, మెడలో తాడుకు వేలాడే చిన్న భూతద్దం. మెషిన్ల మధ్య నడుస్తూ ఆవిడ మనుషుల్ని చూడలేదు. ఆరబెట్టిన కాగితాలను చూసింది, పైనున్న ట్యూబులైట్లను చూసింది, చివరికి పాళ్ళక్క చేతిగోళ్ళను చూసింది. గోళ్ళ చుట్టూ ఎంత తోమినా పోని ఆకుపచ్చ. పాళ్ళక్క చేతులు కొంగులో చుట్టేసుకుంది. తప్పు చేసినదానిలా ఎందుకు దాచానా అని ఆ వెంటనే తనమీద తనకే చిరాకు వేసింది.

పాళ్ళక్క అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఏ రంగు రావాలంటే ఏ ఇంకు ఎన్ని పాళ్ళు పడాలో చూపుతోనే చెప్పేస్తుందని ప్రెస్సు వాళ్ళు పెట్టుకున్నది. ఏడో తరగతితో చదువు ఆగిపోయాక రేపర్లు మడతపెట్టే పనికి వచ్చింది. అప్పట్లో ఇంకు కలిపే తాతకు చూపు మందగించి, పచ్చకూ నీలానికీ మధ్య తడబడుతుండేవాడు. పక్కన కూర్చుని మడతలు పెడుతూనే ఈమె, "కొంచెం పసుపు పడాలి తాతా" అనేది. "నోరు మూసుకుని నీ పని చూసుకో" అని కసిరి, ఆమె చెప్పినట్టే పసుపు వేసేవాడు ఆయన. రెండేళ్ళకు కసరడం మానేశాడు. మూడో ఏట ఇంకు కలిపే కత్తి ఆమె చేతికిచ్చి, ఒక్క ముక్క కూడా రాసివ్వకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆయన దగ్గర అబ్బిన పద్ధతి ఒకటి ఉంది. తోడు. ఒక వాయి ఇంకు అయిపోవచ్చేసరికి అడుగున మిగిలింది సీసాలోకి తీసి, మర్నాడు కలిపే వాయిలో ఒక గరిటెడు వేయాలి, పాలకు తోడు వేసినట్టు. "రంగు వంశం తెగకూడదే" అనేవాడు. కలిపాక ఉంగరపు వేలితో కాగితం మీద ఒక గీత లాగి, నిన్నటి రేపరు పక్కన పెట్టి, ఉత్తరం కిటికీ దగ్గర పొద్దున పది గంటల వెలుతురులో చూడాలి. ట్యూబులైటు కింద చూసి సరే అన్నవాణ్ణి తాత మనుషుల్లో జమకట్టేవాడు కాదు. పాళ్ళక్కా అంతే. వాయికి ఒకటి చొప్పున ఆ వేలి గీతలన్నీ తేదీ వేసి ఒక లావు పుస్తకంలో దాచింది. ఎవరూ దాచమనలేదు. ఎప్పుడైనా ఎవరైనా వేలెత్తి చూపితే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా అని.

ఆ రోజు రానే వచ్చింది.

యజమాని గదిలోకి ఆమెనూ, మెషిన్ నడిపే మాస్టారునూ పిలిచారు. ఆఫీసరు బల్ల మీద ఒక సబ్బు పెట్టాడు. ఆకుపచ్చ రేపరు, నడుమ ఒక్క తెల్లని ఆకు.

"ఇదెవరి సబ్బు?"

"మీదే కదండీ!" అన్నాడు యజమాని నవ్వుతూ.

"రేపరు మాది. లోపలిది మాది కాదు. అరగంట రుద్దినా నురగ రాదు, ఒళ్ళు చీరుకుపోతుంది. జనం వచ్చి మా గుమ్మంలో తిట్టిపోతున్నారు."

ఆవిడ సంచిలోంచి నల్ల అట్ట పుస్తకం తీసి బల్ల మీద తెరిచింది. ఆకు ఎంత వంపు తిరగాలి, అక్షరం ఆకుకు ఎంత ఎడంగా నిలబడాలి, రేపరు మీదా లారీ మీదా దుకాణం బోర్డు మీదా అదే ఆకు ఎలా కూర్చోవాలి, అన్నీ కొలతలతో బొమ్మలు గీసి ఉన్నాయి. ఒక పేజీ నిండా ఆకుపచ్చ. మరేమీ లేదు.

పదకొండేళ్ళ కిందట ఆ కంపెనీకి ఈ రూపం కట్టిన డిజైనరు ఈవిడేనని పాళ్ళక్కకు అప్పుడు తెలిసింది. అంతకుముందు రేపరు ఆమెకు బాగా గుర్తు. ఒక హంస, రెండు పూలు, బుడగలు, జుట్టు విరబోసుకుని నవ్వే ఆడమనిషి, అయిదు రంగులు. పక్క కంపెనీల రేపర్లూ అవే. అవన్నీ తీసేసి ఒక్క ఆకుపచ్చా ఒక్క ఆకూ మిగిల్చిన కాగితం వచ్చిన రోజు మాస్టారు, "దీన్ని గీసినావిడకు ఇంకు కొనడానికి డబ్బుల్లేవేమో" అన్నాడు. ప్రెస్సంతా నవ్వింది. ఆరు నెలలు తిరక్కుండానే చదువు రాని ముసలమ్మలు కూడా దుకాణాల్లో "ఆ ఆకుపచ్చది ఇవ్వు" అని వేలు చూపించి అడగడం మొదలుపెట్టారు. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు.

"ఈ దొంగ రేపరును పుస్తకంలో రంగు పక్కన పెట్టి చూశాం," అన్నాడు ఆఫీసరు. "వెంట్రుకవాసి తేడా లేదు. ఆ ఆకుపచ్చ అచ్చంగా కలపగలిగిన చెయ్యి మా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదని మీరే కదండీ అందరికీ చెప్పుకుంటారు?"

యజమాని నవ్వు ఆరిపోయింది. ఆయన ముందు మాస్టారు వైపు చూశాడు, తరవాత పాళ్ళక్క వైపు. మాస్టారు పాళ్ళక్క వైపు చూశాడు. పాళ్ళక్క మాస్టారు వైపు చూసింది. ఇద్దరూ కలవకుండా ఒక్క రేపరు అదనంగా బయటికి పోదని ఆ గదిలో అందరికీ తెలుసు. పోయిన నెలలో రెండు ఆదివారాలు మెషిన్ బాగుచేయాలంటూ మాస్టారు ఒంటరిగా వచ్చాడు. ఆ సంగతి ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందో.

"అక్కా," అంది డిజైనరు, మొదటిసారి నోరు తెరిచి. "రంగు దేనితో సరిచూస్తారు మీరు?"

ఎప్పుడూ చూడని మనిషి వచ్చీ రాగానే వరస కలిపిందంటే ఏదో లాగాలని చూస్తోందన్నమాట. "కళ్ళతో," అంది పాళ్ళక్క.

"అది కాదక్కా. దేని పక్కన పెట్టి?"

"మీరిచ్చిన రంగు నమూనా కార్డు పక్కన. ఇంకేం పెడతాం?"

అబద్ధం. ఆ కార్డు మొదటి ఏడే కిరసనాయిలు డబ్బా ఒలికి నానిపోయి, పొక్కులు లేచి, నల్లబడింది. అప్పుడు చెబితే పని పోతుందని భయపడి ఎవరితోనూ చెప్పలేదు. అప్పటినుంచీ నిన్నటి రేపరే ఈరోజుకు కార్డు.

డిజైనరు తలూపి ఊరుకుంది. ఆ ఊరుకోవడమే పాళ్ళక్కకు నచ్చలేదు.

"రేపు పదింటికి మళ్ళీ వస్తాం," అన్నాడు ఆఫీసరు లేస్తూ. "ఎవరి పనో తేల్చి ఉంచండి. తేల్చకపోతే రేపర్లు వేరే ప్రెస్సు చూసుకుంటాం. పోలీసుల సంగతి ఆ తరవాత." సబ్బు బల్ల మీదే వదిలేసి వెళ్ళాడు.

వాళ్ళు గేటు దాటగానే మాస్టారు గొంతు తగ్గించి, "అక్కా, ఇన్నేళ్ళు కలిసి పనిచేశాం. నామీదకు తోసెయ్యవు కదా?" అన్నాడు.

"నువ్వు నామీదకు తోయకపోతే."

"ఆదివారం వచ్చింది రోలరు మార్చడానికే. పాత రోలరు షెడ్డులో ఉంది, కావాలంటే చూసుకో."

"నేనేమైనా అడిగానా మాస్టారూ?"

"అడగలేదు. చూశావు."

సాయంత్రం ఆ సబ్బు టిఫిను డబ్బా పక్కన సంచిలో వేసుకుని, ఇంకా ఎండ ఉండగానే పాళ్ళక్క ఇల్లు చేరింది. భర్త గోడౌను కాపలాకు అప్పుడే వెళ్ళిపోయాడు. అత్తగారు పెరట్లో కుళాయి దగ్గర బట్టలు నానబెడుతోంది. ఏడాది కిందట కళ్ళకు ఆపరేషను అయినప్పటినుంచీ ఆవిడకు ఈగ కాళ్ళు కూడా కనిపిస్తున్నాయి, కనిపించిన ప్రతిదాని మీదా ఆవిడకో అభిప్రాయం ఉంది.

"సబ్బు తెచ్చావా అమ్మాయ్? ఇలా ఇయ్యి."

ఆలోచనలో ఉన్న పాళ్ళక్క సంచిలో చేయిపెట్టి ఆ సబ్బే తీసి ఇచ్చింది. ముసలావిడ రేపరు చింపబోయి ఆగింది.

"ఇదెక్కడిది?"

"ఏం అత్తయ్యా?"

"మనది కాదిది. ఎవడో అంటగట్టాడు నీకు. రంగు చూడు, నాచు పట్టిన తొట్టిలా! మనది ఇలా ఉంటుందా? ఇప్పుడే విచ్చిన ఆకులా ఉంటుంది. రోజంతా రంగుల్లో పడి దొర్లుతావు, ఆ మాత్రం తెలియలేదా?"

పాళ్ళక్క గబగబా లోపలికి వెళ్ళి అలమరలో ఉన్న కొత్త సబ్బు తెచ్చి, గోడ మీద ఎండపొడలో రెండూ పక్కపక్కన పెట్టింది. ముసలావిడ చెప్పింది నిజమే. దొంగ రేపరులో నీలం పాలు ఎక్కువ. తనది లేత. యజమాని గదిలో ట్యూబులైటు కింద రెండూ ఒకటే అనిపించే తేడా అది. తన చేతిది కాదు! మాస్టారుదీ కాదు! రేపు ఆ ఆఫీసరు మొహాన పెట్టి చూపిస్తాను, అనుకుంది.

అత్తగారు అసలు సబ్బు లాక్కుని బట్టలకు పట్టిస్తుంటే, కుళాయి గట్టు మీద కూర్చున్న పాళ్ళక్కకు రెండో ఆలోచన వచ్చింది. మొదటిదానికన్నా అది నెమ్మదిగా వచ్చింది. దొంగ రేపరు పుస్తకంతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిందన్నాడు ఆఫీసరు. దొంగది పుస్తకంతో కలిసి, తనది దొంగదానితో కలవకపోతే...

"ఏమే, మొహం అలా పెట్టావు?" అంది అత్తగారు.

"ఏం లేదు అత్తయ్యా."

"ఏం లేనిదానికి అంత మొహమెందుకు?"

మర్నాడు మిగతావాళ్ళకన్నా ముందు ప్రెస్సుకు వచ్చింది. ఇనప్పెట్టెలోంచి ఈ ఆకుపచ్చ గీతలున్న లావు పుస్తకం తీసి కిటికీ దగ్గర కూర్చుంది. పేజీలు తిప్పింది. ప్రతి గీతా దాని ముందు గీతలాగే ఉంది. ఏ రెండు పక్కపక్క పేజీలు చూసినా కవలపిల్లలే. ఏ ఒక్క రోజూ తను తప్పు చేయలేదు. అప్పుడు పుస్తకాన్ని విల్లులా వంచి, మొదటి పేజీనీ చివరి పేజీనీ ఒకదాని పక్కకు ఒకటి తెచ్చింది.

మొదటి గీతలో నీలం పాలు ఎక్కువ, చివరిది లేత.

ఎలా జరిగిందో అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. తోడు వేసిన ఇంకు పాతది కాబట్టి కొత్త వాయి ఒకింత మసకగా అనిపించేది. ఆ మసక పోవడానికి కత్తిమొనతో చిటికెడు పసుపు. ప్రతి వాయికీ చిటికెడే. పదకొండేళ్ళ చిటికెళ్ళు. ఊళ్ళో ప్రతి దుకాణంలో, ప్రతి కుళాయి దగ్గరా ఉన్న ఆ ఆకుపచ్చ కంపెనీ ఆకుపచ్చ కాదు. తనది.

ఇది చెబితే తను దొంగ కాదని తేలుతుంది. చెబితే పాళ్ళక్క అన్న పేరు ఇక ఎవరి నోటా నిలవదు. పదకొండేళ్ళు తప్పు రంగు కలిపి, కార్డు పాడైన సంగతి దాచి, నిన్న అందరి ముందూ అబద్ధమాడిన మనిషి. బల్ల కింద కిరసనాయిలు డబ్బా ఉంది. కార్డు పోయినట్టే ఈ పుస్తకమూ పోవచ్చు. చేతులు తుడుచుకుంటుంటే ఒలికిందంటే ఎవరు కాదంటారు?

అప్పుడే మాస్టారు వచ్చాడు. పొద్దున్నే వచ్చి పుస్తకం ముందేసుకుని కూర్చున్న ఆమెను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏం రాస్తున్నావక్కా?" అన్నాడు. ఆ గొంతులో నిన్నటి మాటే ఇంకా ఉంది. ఇన్నేళ్ళలో ఆ మనిషి ఆమె కలిపిన ఇంకును ఒక్కసారీ తిరిగి చూడకుండా మెషిన్‌లో పోసేవాడు.

"రాయడం లేదు, చూస్తున్నా," అంది. "ఆ డబ్బా తీసుకెళ్ళి దూరంగా పెట్టు మాస్టారూ. ఇక్కడెందుకు అడ్డం?"

పదింటికి వాళ్ళిద్దరూ వచ్చారు. యజమాని తన గదిలోకి రమ్మంటే పాళ్ళక్క కదల్లేదు.

"ఆ గదిలో లైటు సరైంది కాదు సార్. అందరూ ఇక్కడికే రండి."

కిటికీ గట్టు మీద దొంగ రేపరు పెట్టింది. పక్కన నిన్న అచ్చయిన తన రేపరు పెట్టింది. నల్ల అట్ట పుస్తకం అడిగి తీసుకుని ఆకుపచ్చ పేజీ తెరిచి మూడోదిగా పెట్టింది. ఉత్తరపు వెలుతురు మూడింటి మీదా సమంగా పడింది. ఎవరూ ఏమీ చెప్పనక్కర లేకపోయింది. దొంగదీ పుస్తకానిదీ ఒకటి. తనది వేరు.

"ఇది నా చేతిది కాదు," అంది దొంగ రేపరు మీద వేలు పెట్టి. "ఇంత సరిగ్గా కలపడం నాకు చేతకాలేదు. నా చెయ్యి పదకొండేళ్ళుగా తప్పు కలుపుతోంది. మీ కార్డు మొదటి ఏడే పాడైపోయింది. నిన్న నేను చెప్పింది అబద్ధం."

యజమాని "ఏమిటీ?" అని అరిచాడు.

ఆఫీసరు మాత్రం కళ్ళు చిట్లించాడు. "బాగుంది ఎత్తు! రాత్రికి రాత్రి ఒక వాయి వేరేగా కలిపి, చిన్న తప్పు ఒప్పుకుని పెద్దదాంట్లోంచి బయటపడదామనా?"

"మీ కారులో మీ గోడౌను సబ్బులుంటాయి కదా సార్. నేను ముట్టుకోనివి. తెప్పించండి."

డ్రైవరు ఒకటి తెచ్చి ఇచ్చాడు. గట్టు మీద నాలుగోదిగా పెట్టారు. అది పాళ్ళక్క రేపరుతో కలిసింది. ఈలోగా డిజైనరు వేలి గీతల పుస్తకం అడక్కుండానే అందుకుని, భూతద్దం కంటికి ఆనించి పేజీ పేజీ చూస్తోంది. మొదటి పేజీ దగ్గర ఆగి, "ఇది నాది," అంది మెల్లగా. పేజీలు తిప్పుతూ వెళ్ళి ఎక్కడో నడుమ, "ఇక్కడిది నాది కాదు. కానీ ఎక్కణ్ణుంచి మారిందో చెప్పలేను," అంది. ఆ మాటలో మెచ్చుకోలుందో వెక్కిరింపుందో పాళ్ళక్కకు అంతుపట్టలేదు.

"నాదొక్క సందేహం సార్," అంది పాళ్ళక్క ఆఫీసరుతో. "మా ప్రెస్సునుంచి పోయి ఉంటే ఆ దొంగ నా ఆకుపచ్చ వేసేవాడు. బజారులో సబ్బు చూసి కాపీ కొట్టినా నాదే వేసేవాడు. వాడు వేసింది ఆ పుస్తకంలోది. ఆ పుస్తకం మా దగ్గర లేదు. ఎవరెవరి దగ్గరుంది?"

ఆఫీసరు గొంతు మొదటిసారి తగ్గింది. "మూడే ఉన్నాయి."

"ఒకటి నా సంచిలోది," అంది డిజైనరు, భూతద్దం దించకుండానే. "ఒకటి మీ బీరువాలో. ఒకటి అమ్మకాల వాళ్ళ దగ్గర."

"నా బీరువా తాళం ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది!" అన్నాడు ఆఫీసరు. ఆయన్ను ఎవరూ అడగలేదు. ఆ సంగతి ఆయనకూ తట్టినట్టుంది, రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

పది రోజుల తరవాత తెలిసింది, అమ్మకాల విభాగంలో పుస్తకం కనబడటం లేదనీ, అక్కడ ఒకాయన సెలవు పెట్టి మళ్ళీ రాలేదనీ. రేపర్ల పని ప్రెస్సులోనే ఉండిపోయింది. యజమాని నెల రోజులు పాళ్ళక్కతో ముక్తసరిగా మాట్లాడాడు. మాస్టారు ఇంకు డబ్బా అందుకునేటప్పుడల్లా, "ఇది ఎవరి ఆకుపచ్చ అక్కా, కంపెనీదా మనదా?" అనేవాడు. రెండు వారాలు ఓర్చుకుని, "నీ ఆదివారం రోలరుది" అంది. ఆ తరవాత అనడం మానేశాడు.

డిజైనరు మళ్ళీ ఒక్కతే వచ్చింది. సంచిలోంచి రెండు ఖాళీ రేపర్లు, ఒకటి పాత పుస్తకం రంగుది, ఒకటి ప్రెస్సుది, తీసి పాళ్ళక్క ముందు పెట్టింది.

"ఎనిమిది దుకాణాలు తిరిగానక్కా. గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళకు ఈ రెండూ చూపించి మీ సబ్బు ఏది అని అడిగాను. నా రంగును పట్టుకున్నది ఇద్దరే. మిగతా అందరూ మీదాన్నే పట్టుకున్నారు. కొత్త పుస్తకంలో మీ రంగు పెడుతున్నాను. ఇక పాత పుస్తకం చూసి అచ్చు వేసేవాడు దుకాణంలోనే దొరికిపోతాడు."

పాళ్ళక్క ఆవిడ మొహంలోకి చూసింది. "నాది తప్పని నేనే ఒప్పుకున్నాక, దాన్ని మీ పుస్తకంలో ఎక్కించడం మీకెందుకండీ?"

"నేను గీసినప్పుడు ఆ కంపెనీ ఎలా కనబడాలని ఊహించుకున్నానో అది వేశాను. పదకొండేళ్ళుగా జనం ఇళ్ళల్లోకి వెళ్ళింది మీది. నా ఊహకోసం జనం కళ్ళు మార్చలేను కదా." తన రంగు రేపరును మళ్ళీ చేతిలోకి తీసుకుని, "నాకూ బాధగానే ఉంది. నా పచ్చ బాగుండేది," అంది.

ఆ ఆఖరి మాట దగ్గర పాళ్ళక్కకు ఆవిడమీద మొదటిసారి కొంచెం నమ్మకం కలిగింది. ఎక్కువ కాదు.

"అయితే ఒక షరతక్కా. ఇక తోడు వేయకూడదు. ప్రతి వాయీ కార్డుతోనే సరిచూడాలి."

"కార్డు రానివ్వండి, చూద్దాం."

కార్డు వచ్చింది. నల్ల కాగితంలో చుట్టి, వెనక అంకె వేసి, కంపెనీ ముద్ర కొట్టి. యజమాని, మాస్టారు, కార్డు తెచ్చిన మనిషి చుట్టూ నిలబడ్డారు. పాళ్ళక్క పదయ్యేదాకా దాన్ని విప్పలేదు. పదింటికి కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, లావు పుస్తకంలో ఆఖరి గీత పక్కన పెట్టి, తల అటు వాల్చి ఇటు వాల్చి చూసింది.

"వెనక్కి పంపించండి సార్. చిటికెడు పసుపు తక్కువ."

"అమ్మా తల్లీ! ముద్ర కొట్టి పంపారు, అంకె వేశారు!"

"అంకె వాళ్ళు వేసుకున్నారు సార్. కలిపింది నేను."

రెండోసారి వచ్చిన కార్డు సరిపోయింది. నల్ల కాగితంలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి, ఇనప్పెట్టెలో తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. తోడు సీసా కడిగి బోర్లించింది. వాయి కలిపిన ప్రతిసారీ కార్డు తీసి కిటికీ దగ్గర చూస్తోంది, మాటిచ్చినట్టే.

నెలకొకసారి మాత్రం, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు, లావు పుస్తకంలో ఆ ఆఖరి గీత తెరిచి దాని పక్కన కార్డును పెట్టి చూస్తుంది. ఇంకు సంగతి కాదు. కార్డు రంగే ఎటైనా జరుగుతోందేమోనని.